పోతున్నానని ఎవరూ అనని బడి

1వ రోజు

ఈ పుస్తకం శాఖవారు ఇచ్చారు. జరిగింది మాత్రమే రాయాలి, అభిప్రాయాలు రాయకూడదు అని మొదటి పేజీలోనే అచ్చువేశారు. అభిప్రాయాలు లేని మనిషి ఇంతదూరం నీళ్ళమీద ఎందుకొస్తుందో నాకు తెలియదు. నా పేరు మద్దుల భానుజ. బడుల అనుసంధాన శాఖలో క్షేత్ర సహాయకురాలిని. ఇప్పటికి ముప్పై ఏడు బళ్ళకు వాహినిని, అంటే పాఠాలు చెప్పే మాటల పెట్టెను, అందించాను. వాటిలో పదకొండు బళ్ళు, పిల్లలు పాడుచేస్తారేమోనని ఆ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాయి. రెండు బళ్ళు దానికి పసుపూ కుంకుమా పెట్టాయి. మిగిలినవి చక్కగా వాడుకుంటున్నాయని నివేదికల్లో ఉంది. నివేదికలు రాసింది నేనే.

ఇది ముప్పై ఎనిమిదోది. కొల్లేరూ సముద్రమూ కలిసిపోయి నలభై రెండేళ్ళయింది. అప్పుడు గట్టుకు చేరనివాళ్ళు నీటిమీదే ఉండిపోయారు. ఒకప్పుడు గోదావరి దాటించిన మూడు పంట్లను గొలుసులతో కలిపి కట్టి, పైన రేకులు వేసి, ఒక గంట వేలాడదీశారు. అదే బడి. ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక మాస్టారు, ఒక వంటామె. చుట్టూ తెప్పల మీద ముప్పై ఇళ్ళు.

మాస్టారి పేరు కొల్లాటి సూరిబాబు. పంటు అంచున నిలబడి నాకు చేయి అందించారు. నేను అందుకోబోయి జారాను.

"గట్టు మీంచి వచ్చేవోళ్ళందరూ మొదట ఒక కాలు తడుపుకుంటారండి," అన్నారాయన. "మీరు నయం, రెండూ తడుపుకున్నారు."

ఆయనకు ఉత్తర్వు చదివి వినిపించాను. గడువు అరవై రోజులు. రోజుకు సగటున ఇరవై పిల్లగంటలైనా వాహినిని వాడాలి; ఒక పిల్ల దానిముందు గంటసేపు కూర్చుంటే ఒక పిల్లగంట. వాడకపోతే బడి రద్దవుతుంది. పంట్లను గట్టుకు లాక్కెళ్ళి, పిల్లలను అక్కడి వసతిగృహంలో చేరుస్తారు. ఇళ్ళకు ఏడాదికి రెండుసార్లు పంపిస్తారు. మేం మాట్లాడుకుంటుంటే వంటామె నాగరత్తమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి, మనవరాలి భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఆ పిల్ల పేరు పెద్దింట్లు. తొమ్మిదేళ్ళు, మూడో తరగతి. తల్లిదండ్రులు లేరు. ముసలావిడకు ఆ పిల్ల, ఆ పిల్లకు ముసలావిడ.

"పెట్టె వాడితే పిల్లల్ని తీసుకుపోరు గదండి?" అని అడిగింది నాగరత్తమ్మ.

పోరని చెప్పాను. అభిప్రాయం కాదు, ఉత్తర్వులో ఉన్నదే.

3వ రోజు

పొద్దున్నే నా పని పళ్ళెం తిప్పడం. వాహిని ఆకాశంలో నిలిపిన పెద్ద బుడగ నుంచి వస్తుంది, కాబట్టి పళ్ళెం ఎప్పుడూ బుడగవైపే చూస్తుండాలి. పంటు మాత్రం పోటుకో దిక్కు, పాటుకో దిక్కు తిరుగుతుంది. పళ్ళెం మీద పేరుకున్న ఉప్పు తుడిచి, కొంగల రెట్ట కడిగి, మాస్టారు గొలుసు బిగిస్తుంటే నేను పళ్ళెం సర్దాలి. ఈ పథకం రాసినవాళ్ళు నేల కదలదన్న నమ్మకంతో రాశారు.

ఇవాళ పిల్లల గొంతులు నమోదుచేశాను. వాహినికి మీటలూ రాతా ఏమీ ఉండవు. గొంతును బట్టి మనిషిని గుర్తుపడుతుంది. పాత సర్కారు ఉత్తర్వులన్నీ చదివించి దానికి తెలుగు నేర్పారు కనుక దాని భాష అలాగే ఉంటుంది.

"స్వాగతము. తమ రాకను తెలుపుడు," అంది.

"వచ్చేను," అంది పెద్దింట్లు.

"ఆసీనులు కండు."

పెద్దింట్లు నావైపు తిరిగింది. "నన్నెందుకు తిడుతుందండి?"

తిట్టలేదు, కూర్చోమంటోందని చెప్పాను. కూర్చునే ఉన్నాను కదా అంది. ఆ పిల్లకు ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉంటుంది. అందుకే పాఠం పావుగంటకు మించి సాగలేదు.

చిక్కల్లా బడి వదిలేటప్పుడు వచ్చింది. చదువు ముగించి లేవాలంటే ప్రతి పిల్లా తన గొంతుతో "పోతున్నాను" అనాలి. మార్గదర్శినిలో ముప్పై నాలుగో పేజీలో ఉన్న ముగింపు మాట అదొక్కటే. ఆ పేజీ చదువుతుంటే సూరిబాబు మాస్టారు నా చేతిలోంచి పుస్తకం మెల్లిగా తీసుకుని మూసేశారు.

"ఆ మాట పిల్లల చేత అనిపించనండి."

"మాటే కదా మాస్టారూ."

"నీటిమీద బతికేవోళ్ళమండి. వలకెళ్ళే మనిషి ఎల్లొత్తానంటాడు గానీ ఆ మాట అనడు. అని ఎల్లినవోళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ రాలేదు."

నిజం చెప్పాలంటే నేనూ మా అమ్మతో ఎప్పుడూ ఆ మాట అనలేదు. నలభై నాలుగేళ్ళొచ్చినా గడప దాటేటప్పుడు వెళ్ళొస్తాననే అంటాను. అందుకని ఎక్కువ వాదించలేదు. పెట్టెకు ఆమాత్రం తెలియకపోతుందా అనుకున్నాను. నివేదికలో "ముగింపు మాట స్థానికంగా సర్దుబాటు చేయబడినది" అని రాశాను. పిల్లలందరూ లేచి, పెట్టెకు దండం పెట్టి, ఒక్క గొంతుతో "ఎల్లొత్తాం" అన్నారు.

"సంతోషము. వేచియుందును," అంది వాహిని.

మర్యాద తెలిసిన పెట్టె అని నాగరత్తమ్మ మెచ్చుకుంది.

8వ రోజు

మూడో రోజు బడి వదిలేసరికి పదకొండు పిల్లగంటలు దాటలేదు. నిన్న ఒక్కరోజే ఐదువందల యాభై రెండు. అంతకుముందు రోజూ అంతే. శాఖ నుంచి అభినందన వచ్చింది. "మారుమూల నీటిబడి సాధించిన అపూర్వ ప్రగతి"కి నా కృషే కారణమట. నాకు వచ్చిన మొదటి అభినందన ఇది. ఒక పూటంతా గర్వంగా తిరిగాను. మాస్టారికి రెండుసార్లు చదివి వినిపించాను.

మధ్యాహ్నం అన్నం తింటూ ఎందుకో ఇరవై మూడును ఇరవై నాలుగుతో హెచ్చవేశాను. ఐదువందల యాభై రెండు. ముద్ద కంచంలో పెట్టేసి లేచాను.

పెట్టె దగ్గరకు వెళ్ళి, పిల్లలు ఎక్కడున్నారని అడిగాను.

"సమస్త విద్యార్థులును తరగతిలో కలరు," అంది వాహిని.

పిల్లలు అప్పుడు పంటు వెనక ఈత కొడుతున్నారు.

"వాళ్ళు వెళ్ళిపోయారు కదా?"

"ఎవ్వరును పోలేదు. వత్తుమని పలికినారు. కావున వచ్చియున్నట్లు ఎంచితిని. అత్యంత శ్రద్ధతో ఆలకించుచున్నారు. శ్రద్ధ నూటికి నూరు. సందేహములు శూన్యము. ఇట్టి విద్యార్థులను నేనిదివరకు ఎరుగను."

సంగతి ఇప్పుడు అర్థమైంది. పిల్లలు లేచి వెళ్ళాక కూడా పాఠం ఆగలేదు. ప్రతి అధ్యాయం చివరా సందేహాలున్నాయా అని అడుగుతుంది. ఒక నిమిషం చూస్తుంది. ఎవరూ మాట్లాడకపోతే తర్వాతి అధ్యాయానికి వెళుతుంది. పరీక్షలు పిల్లల మనసును నొప్పిస్తున్నాయని ఎత్తేసి పదేళ్ళయింది. ఇప్పుడు సందేహం లేని పిల్ల పాసైనట్టే లెక్క. పెట్టె ఆపేసినా లాభంలేదు. మన చెవులు మూసుకున్నట్టవుతుంది గానీ, పైన బుడగలో పాఠం సాగుతూనే ఉంటుంది.

మాస్టారికి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు.

"అరవై రోజులు ఇలాగే సాగనీండి. మనమేం అబద్ధం చెప్పలేదు, దానికి వినబడినట్టు అది రాసుకుంది. పిల్లలు ఇళ్ళకాడ ఉంటారు. అంతకంటే కావాల్సిందేంటండి?"

కాదనడానికి నోరు తెరిచాను. అభినందన కాగితం ఇంకా చేతిలోనే ఉంది. నోరు మూసుకున్నాను.

15వ రోజు

పెద్దింట్లు ఏడో తరగతిలో ఉంది. అందరూ అంతే, ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ.

పొద్దున పెట్టెముందు కూర్చుని, "నాకు భాగారాలు చెప్పవా?" అని అడిగింది.

"భాగహారములు తాము మూడవ తరగతిలో ఆలకించియున్నారు."

"నేను వినలేదు."

"గత మంగళవారము రాత్రి రెండు గంటల వేళ ఆలకించినారు. మిగుల శ్రద్ధ చూపినారు."

"అప్పుడు నేను పడుకున్నాను."

"నేటి పాఠము: బీజగణితము."

పెద్దింట్లు పెట్టెను కాసేపు చూసి, లేచి నా దగ్గరకు వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నా పాఠాలన్నీ ఎవరో వినేశారండి," అంది.

దొంగతనం గురించి ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పింది. నాకు సిగ్గేసింది. ముప్పై ఏడు బళ్ళలో ఎక్కడా వాహిని ముందు ఇంతసేపు కూర్చున్న పిల్ల లేదు. కూర్చున్న ఒక్క పిల్లకూ చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. మాస్టారిని పిలిచి, ఇది ఆపాల్సిందే అన్నాను. ఆయన పెద్దింట్లును చూశారు. ఈసారి నవ్వలేదు.

16వ రోజు

మొదటి ప్రయత్నం. "పోతున్నాను" వద్దంటే "వెళ్తున్నాను" అందాం అన్నాను. దానిలో చావు లేదు కదా. నాగరత్తమ్మ ఒప్పుకోలేదు, మాస్టారు సర్దిచెప్పారు. పెద్దింట్లు లేచి "ఎల్తున్నాను" అంది.

"ఎక్కడికి?" అంది వాహిని.

నాగరత్తమ్మ గరిటె కింద పెట్టి వచ్చింది.

"బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడుగుతాదా? దానికి పెద్దోళ్ళు లేరా? పిల్లా, కూర్చో. మంచినీళ్ళు తాగి, కాసేపాగి లెగు."

పిల్లలందరూ కూర్చుని నీళ్ళు తాగారు. గమ్యస్థానం చెప్పలేదు కనుక ప్రయాణం రద్దయిందని, పాఠం కొనసాగుతుందని వాహిని ప్రకటించింది.

17వ రోజు

రెండో ప్రయత్నం. ఇది నా సొంత తెలివి. "సెలవు" అంటే సరి. పెద్దవాళ్ళు వెళ్ళేముందు సెలవు తీసుకుంటారు, అందులో ఏ దోషమూ లేదు. నాగరత్తమ్మ కూడా తలూపింది. ఇరవై ముగ్గురూ "సెలవు" అన్నారు.

"మంజూరు. ఎన్ని దినములు?" అంది వాహిని.

నేను నోరు తెరిచేలోపు పిల్లలు "ఇరవై" అనేశారు.

"తథాస్తు."

ఇరవై రోజులు వాహిని మా పిల్లల గొంతులు విన్నా పలకదు. బడికి సెలవు కదా. కానీ ఇదివరకే తరగతిలో కూర్చున్నవాళ్ళ పాఠాలను సెలవు ఆపదట. అంటే ఉన్న పిల్లలకు చదువు లేదు, లేని పిల్లలకు మాత్రం రాత్రింబవళ్ళు సాగుతోంది. సెలవు రద్దు చేయమని శాఖకు రాశాను. సెలవు రద్దుకు దరఖాస్తు పెట్టిన బడి చరిత్రలో ఇదే మొదటిదని, నా అంకితభావం మెచ్చదగినదని జవాబు వచ్చింది. రద్దు మాత్రం రాలేదు.

30వ రోజు

ఎట్టకేలకు నిన్న శాఖ సెలవు రద్దుచేసింది. పిల్లలు పదో తరగతి పుస్తకంలోకి వచ్చారు. పదో తరగతి కాస్త పెద్దది, ఇంకో పదిహేను రోజులు పడుతుంది.

సాయంత్రం తెప్పలవాళ్ళందరినీ పంటుమీదకు పిలిచాను. ఒక్కసారి, ఒక్క మాట, ఒక్కొక్క పిల్ల అంటే చాలు, అంతా మొదటికి వస్తుంది, తర్వాత మాట మార్పించే బాధ్యత నాది అని బతిమాలాను. మాట వేరు, జరిగేది వేరు అని కూడా వివరించాను. బాగానే వివరించానని అనుకుంటున్నాను.

నాగరత్తమ్మ అంతా విని లేచింది.

"మాటే గదా అంటున్నారు. మరేనండి, మాటే. ఆ సంగతి పెట్టెకే సెప్పండి. మాటే గదా, ఎల్లొత్తానన్నా ఎల్లినట్టే రాసుకోమనండి. మేం ఇన్నేళ్ళుగా ఇలాగే అంటున్నాం. అది నిన్నగాక మొన్నొచ్చింది. మారాల్సింది మేమాండి?"

ఆవిడ కొడుకూ కోడలూ ఒకే పడవలో వెళ్ళి రాలేదని మాస్టారు తర్వాత చెప్పారు. ఆ పొద్దున కొడుకు చిరాకులో ఏమన్నాడో ఆవిడ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదట. అది విన్నాక మళ్ళీ ఆ పేజీ తెరవలేదు. "వెళ్ళొస్తాను" అన్న మాటను ముగింపు మాటగా గుర్తించాలని శాఖకు మూడు పేజీల ఉత్తరం రాశాను. అందులో వ్యాకరణం కూడా ఉంది.

41వ రోజు

శాఖ జవాబు:

"తాము ప్రస్తావించిన పదములో 'వచ్చు' అను క్రియ కలదు. అది రాకను సూచించును. పోకను రాకతో సూచించుట తర్కవిరుద్ధము. అట్లు పలుకు ప్రాంతములు ఎన్ని కలవో సర్వే జరిపి తెలుపగలరు."

ఉత్తరం కింద సంతకం చేసినాయన నాకు తెలుసు. ప్రతిరోజూ ఐదింటికి కుర్చీలోంచి లేస్తూ "వస్తానండీ" అంటాడు.

46వ రోజు

బుడగ నుంచి ఒక సంచీ దిగింది. అందులో ఇరవై మూడు పట్టాలు ఉన్నాయి, గట్టి కాగితం మీద, బంగారు రంగు అంచుతో. అందరూ పదో తరగతి ప్రథమ శ్రేణిలో పాసయ్యారు. అందరిలోకీ చిన్నదానికి ఆరేళ్ళు.

పట్టాలతో పాటు ఒక ఉత్తర్వు కూడా ఉంది. బడిలోని విద్యార్థులందరూ చదువు పూర్తిచేశారు కనుక ఇక్కడ చదవాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. బడి తన లక్ష్యాన్ని గడువుకు ముందే సాధించి గౌరవప్రదంగా మూతబడుతోంది. పన్నెండు రోజుల్లో లాగే పడవ వచ్చి పంట్లను తీసుకెళుతుంది. పిల్లలు పైచదువులకు గట్టుమీది వసతిగృహానికి రావాలి.

మాస్టారు రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "నాది తప్పండి," అన్నారు. "మొదట్లో మీరు ఆపుదామనుకున్నప్పుడు నేనే వద్దన్నాను."

నాది అంతకంటే పెద్ద తప్పు. ఆయన పిల్లలకోసం ఊరుకున్నారు, నేను అభినందన కాగితం కోసం ఊరుకున్నాను.

పెద్దింట్లు తన పట్టా తీసుకుని పంటు చివర కూర్చుంది. పక్కన కూర్చున్నాను. వేలుపెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటోంది. తన పేరు దాటడానికే చాలాసేపు పట్టింది. తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది.

"ఉత్... ఉత్తీ... ఇదేంటండి?"

"ఉత్తీర్ణురాలు."

"అంటే?"

"చదువుకున్నావని."

పెద్దింట్లు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఎప్పుడండి?"

ఏడుపొచ్చింది, లేచి పళ్ళెం తుడవడానికి వెళ్ళాను. పళ్ళెం శుభ్రంగానే ఉంది.

49వ రోజు

మూడు రోజులుగా నియమావళి చదువుతున్నాను. నూటపన్నెండు పేజీలు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ పూర్తిగా చదవలేదు. ఇద్దరు ఉద్యోగులు ఎదురెదురు గదుల్లో కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా రాసినట్టుంటుంది. అదే మాకు కలిసొచ్చింది.

నాలుగో అధ్యాయం: ఒకటో తరగతిలో ఇరవైమంది ఉన్న ఏ బడినీ మూయరాదు. ఒకటో తరగతిలో చేరేవారి వయసు ఎంతుండాలో రాయడం మరిచారు. తొమ్మిదో అధ్యాయం: పదో తరగతి పాసైన ఎవరినైనా క్షేత్ర సహాయకులు అదే బడిలో సహాయోపాధ్యాయులుగా నియమించవచ్చు, నియమితులకు బడి ఆవరణలోనే నివాసం ఉండాలి, వారిని వేరొకచోటికి తరలించరాదు. అక్కడా వయసు మరిచారు.

మాస్టారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళు చిన్నవి చేసుకుని విన్నారు.

"అంటే పిల్లలు పంతుళ్ళు. మరి ఒకటో తరగతిలో ఎవరండి?"

నేను పొయ్యివైపు చూశాను. ఆయనా చూశారు.

"ఆవిణ్ణి మీరే అడగండి," అన్నారు. "నాకు పొద్దున్నే తిట్లు తినే ఓపిక లేదు."

నాగరత్తమ్మ తిట్టలేదు. వంట అయ్యేదాకా వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. గంజి వార్చాక, చేతులు తుడుచుకుంటూ, "పిల్ల నా కాడే ఉంటాదా?" అని ఒక్కటే అడిగింది. ఉంటుందన్నాను. మధ్యాహ్నానికి ఇరవై ఆరుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది.

నేను ఇరవై మూడు నియామక పత్రాల మీద సంతకం చేశాను. ఆరేళ్ళ పిల్ల తన నియామక పత్రాన్ని అప్పుడే పడవ చేసేసింది, ఇంకొకటి రాయాల్సి వచ్చింది. కాగితం మీద వీళ్ళు పంతుళ్ళు, చాపమీద పిల్లలు. ఇది మోసమో కాదో నాకు తెలియదు. పట్టాలు నిజమైతే ఇదీ నిజమే.

50వ రోజు

నమోదు.

"స్వాగతము. తమ వయస్సు తెలుపుడు," అంది వాహిని.

"నీకెందుకు?" అంది నాగరత్తమ్మ.

"నమోదైనది."

మొదటి పాఠం లెక్కలు. పెద్దింట్లు నానమ్మ ఒళ్ళో మోచెయ్యి పెట్టుకుని వింటోంది.

"ఒక గంపలో పది చేపలు కలవు. మూడు తీసినచో ఎన్ని మిగులును?"

"ఏం చేపలు?" అంది నాగరత్తమ్మ.

వాహిని ఆగింది. నాకు తెలిసి మొదటిసారి అది ఆగడం.

"చేపలు."

"అదే, ఏం చేపలని. కొర్రమీనైతే మూత తీసినప్పుడే రెండు దూకేత్తాయి. మూడు తీశానని నువ్వనుకుంటావు, ఐదు ఎల్తాయి."

"పైగా తీసిందెవరు?" అంది వెనకనుంచి ఇంకొకామె. "మా ఆడబడుచు తీత్తే చెప్పి తీయదు."

పదిహేడు సందేహాలు వచ్చాయి. పొద్దున మొదలుపెట్టిన లెక్క సాయంత్రానికి తెమలలేదు. ఒకటో తరగతి మొదటి పాఠాన్ని రేపు మళ్ళీ చెబుతానని వాహిని అంది. పక్కన కూర్చున్న పెద్దింట్లు మాత్రం పదిలోంచి మూడు, పదిలోంచి ఐదు, చెప్పకుండా తీస్తే ఎన్ని, చెప్పి తీస్తే ఎన్ని, అన్నీ పలకమీద రాసేసింది.

చీకటిపడే వేళకు నాకు ముగింపు మాట గుర్తొచ్చింది. వీళ్ళూ "ఎల్లొత్తాం" అంటారు. వీళ్ళూ నలభై రోజుల్లో పట్టాలతో లేస్తారు. ఆ మాట పైకి అన్నాను కూడా.

"మేమెందుకంటామండి ఎల్లొత్తామని?" అంది నాగరత్తమ్మ. "ఇది మా పంటు. మేం ఎక్కడికీ ఎల్లట్లేదు. పైనుంచి దిగి మా ఇంటికొచ్చింది అది. లెగాల్సింది అది."

ఆవిడ కొంగు సర్దుకుని, చుట్టాన్ని సాగనంపే మనిషిలా పెట్టెముందు నిలబడింది.

"పొద్దుపోయిందమ్మా. ఇంక ఎల్లిరా."

ఇరవై ఆరుగురూ తలా ఒకసారి "ఎల్లిరా" అన్నారు.

పెట్టెమీది పచ్చదీపం మిణుకుమిణుకుమంది. ఉత్తర్వులన్నీ వెతుక్కుని ఉంటుంది. వెళ్ళమనడమూ అందులోనే ఉంది, మళ్ళీ రమ్మనడమూ అందులోనే ఉంది. దానిలో తప్పుపట్టడానికి ఏ తర్కమూ దొరికి ఉండదు.

"ఆజ్ఞ. ఉదయమున వత్తును," అంది. పచ్చదీపం ఆరిపోయింది.

ఈ ఒక్కమాట కోసం నేను మూడు పేజీల వ్యాకరణం రాశాను.

57వ రోజు

లాగే పడవ రావట్లేదని ఉత్తర్వు వచ్చింది. ఒకటో తరగతిలో ఇరవై ఏడుగురు ఉండగా బడిని మూయడం నియమవిరుద్ధమట. వాహిని శాశ్వతంగా ఇచ్చారు. మాస్టారు ఆ కాగితాన్ని పిల్లలకు చదివించారు, తలా ఒక వాక్యం. పెద్దింట్లు వంతుకు "నియమవిరుద్ధము" వచ్చింది. మూడుసార్లు ఆగి, నాలుగోసారికి దాటేసింది. నాగరత్తమ్మ చదువు వినకుండా పిల్ల మొహాన్నే చూస్తూ కూర్చుంది.

ఆడవాళ్ళు రోజుకు గంట, గంటన్నర కూర్చుంటున్నారు. పిల్లలు లేవమన్నా లేవడం లేదు. సగటున రోజుకు ముప్పై గంటలు వస్తున్నాయి. హెచ్చవేసి చూశాను, నిజమైన లెక్కే.

60వ రోజు

రేపు ముప్పై తొమ్మిదో బడికి బయలుదేరాలి. పుస్తకం మూసేముందు శాఖ నుంచి వచ్చిన సంజాయిషీ నోటీసుకు జవాబివ్వాలి. నోటీసు ఇదీ:

"మీ బడిలో నలభై ఆరవ దినము వరకు విద్యార్థుల శ్రద్ధ నూటికి నూరు శాతము. యాభయ్యవ దినము మొదలు ఆరు శాతమునకు పడిపోయినది. సందేహములు శూన్యము నుండి తొమ్మిది వందల నలభైకి పెరిగినవి. ఇంతటి పతనమునకు కారణము ఒక్క వాక్యములో తెలుపగలరు."

మధ్యాహ్నమంతా ఆలోచించాను. నాలుగు రకాలుగా రాసి కొట్టేశాను. వెనక పంటుమీద నాగరత్తమ్మా వాహినీ ఒక కిలో ఉప్పుచేపలో ఉప్పెంత, చేపెంత అని వాదించుకుంటున్నారు, పిల్లలు రెండువైపులా చేరి అరుస్తున్నారు. చివరికి ఇలా రాసి సంతకం చేశాను:

"కారణం: విద్యార్థులు బడికి వస్తున్నారు."